ఎవరింటి పురుడు

నందిగామ సబ్‌జైల్లో ఆడవాళ్ళ గదిలోకి అడుగుపెడుతూనే సత్యనారాయణమ్మ చేసిన మొదటి పని, చీపురు అడిగి తీసుకుని ఒక మూల ఊడ్చుకోవడం. రెండో పని, ఆ మూలకి అడ్డంగా బొగ్గుముక్కతో గీత గియ్యడం. ఆవిడ పెనుగంచిప్రోలులో ఓ పెద్దింటి పెద్దకోడలు. మొగుడు పోయాక కూడా ఒకరి ముందు చెయ్యి చాపకుండా తన వాటా మిరపచేను తనే చేయించుకుంటున్న మనిషి. జైలుకొచ్చినంత మాత్రాన మర్యాదంతా మున్నేట్లో కలిపేసి వస్తుందా?

"గీత కాస్త వంకర పోయిందండీ అమ్మగారూ," అందొక గొంతు అవతలి గోడ దగ్గర్నుంచి. "ఇంకాస్త ఇవతలికి గీసుకోండి. మేం బయట పడుకుంటాం, జైలోళ్ళు ఒప్పుకుంటే."

"నోరు ముయ్యవే," అని, గొంతు గుర్తుపట్టి గిరుక్కున తిరిగింది సత్యనారాయణమ్మ. "బసవమ్మా! నువ్విక్కడున్నావా? మాసిన బట్టలు మూటగట్టుకుని అక్కడ నీకోసం చూస్తుంటే!"

బసవమ్మ వాళ్ళ ఊరి చాకలి. ఆ రోజుల్లో కృష్ణాజిల్లాలో సారా నిషేధం. జగ్గయ్యపేట పొలిమేర దాటి తెలంగాణాలోకి వెళితే బజార్లో పెట్టి అమ్ముతారు, ఇవతల వాసన తగిలితే కేసు. బసవమ్మ గాడిద మీద చలవ బట్టల మూటేసుకుని, అందులో సీసాలు చుట్టి తెస్తూ దొరికిపోయింది. ఆ సీసాలు తెప్పించుకున్న పెద్దమనుషుల పంచెల్లోనే ఆ సీసాలు చుట్టింది మహాతల్లి. పంచెలు పెద్దమనుషులకి వెనక్కి వెళ్ళాయి, బసవమ్మ లోపలికి వచ్చింది.

"మరి మీరేందండీ ఇట్టా దయచేసారు?" అనడిగింది.

"పుల్లయ్యగాడి తల పగలగొట్టా."

జరిగింది అంతే. మరిది జగన్నాథరావు ఆవిడ చేలోకి మిరపకాయ కోతకి మనుషుల్ని దింపాడు. అడిగేవాడెవడులే అనుకున్నాడు. ఆవిడ ముల్లుగర్ర పుచ్చుకుని వెళ్ళి, ముందు నిలబడ్డ అతని పెద్దపాలేరు పుల్లయ్య నెత్తిన ఒక్కటిచ్చింది. పుట్టింటి అన్న జామీను ఇస్తానని వచ్చి, ముందు మరిదికి క్షమాపణ చెప్పమన్నాడు. "ఎద్దులు ఎండలో ఉన్నాయి, నువ్వు ఇంటికి పో అన్నయ్యా," అని పంపించేసింది.

గదిలో మూడో మనిషి కిటికీ కింద ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. పేరు రత్తమ్మ, అదే ఊరి చివరి పల్లెపిల్ల. జగన్నాథరావు పొలాల్లో కూలికి వెళ్ళేది. నిండు చూలాలు. ఆమె గుడిసె వెనక సారా కుండ దొరికిందని కేసు. మొగుడు లేడు, తల్లి లేదు. సత్యనారాయణమ్మని చూసిన దగ్గర్నుంచి ఆ పిల్ల తల ఎత్తలేదు. పెద్దింటి మనిషని భయం కాబోలు అనుకుంది సత్యనారాయణమ్మ.

అలా అనుకుని ఊరుకుందామంటే ఒకే గది, ఒకే కిటికీ. రత్తమ్మ కాళ్ళు వాచిపోతే బసవమ్మ ఒళ్ళో పెట్టుకుని పిసికేది. బసవమ్మకి దగ్గు వస్తే రత్తమ్మ లేచి నీళ్ళు ఇచ్చేది. వాళ్ళిద్దరూ ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ ఊరి కబుర్లు చెప్పుకుని నవ్వుకుంటుంటే, గీతకి ఇవతల ఒంటరిగా కూర్చున్న పెద్దకోడలికి ఒళ్ళు మండేది. ఓ మధ్యాహ్నం తన మజ్జిగ ముంత గీత దాటించింది. "నాకు సయించట్లా. ఆ పిల్లని తాగమను," అంది. ఆ మర్నాడు తనూ గీత దాటి, బసవమ్మ ముందు కూర్చుని జడ విప్పింది. "నాకూ పేలున్నట్టున్నాయి, చూడవే."

"ఉంటే మావేనండీ," అంది బసవమ్మ.

అలా ఉండగా ఓ రోజు పుల్లయ్య ఊచల అవతల ప్రత్యక్షమయ్యాడు. తలకి కట్టు. లోపల సత్యనారాయణమ్మని చూసి ఓ అడుగు వెనక్కి వేసి మరీ మాట్లాడాడు.

"రత్తమ్మా, అయ్యగారు చెప్పి పంపించారు. బిడ్డ ఈ పుల్లయ్యదేనని నువ్వొప్పుకో, చాలు. నలుగురిలో నేనూ ఒప్పుకుంటా. సారా కుండ నీది కాదని సాక్ష్యం చెప్పే మనుషుల్ని అయ్యగారు పంపిస్తారు. ఈ వారంలో ఇంట్లో ఉంటావు."

"నీదెట్టా అయింది మావా?" అంది రత్తమ్మ. ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడగా సత్యనారాయణమ్మ వినడం అదే మొదలు.

"ఒప్పుకోకపోతే దారిన పోయే లారీవాడి బిడ్డంటారు. ఊరంతా అదే అంటది."

"అననీ. వాళ్ళ నోళ్ళు, వాళ్ళిష్టం. నా నోటితో మాత్రం ఎవరి బిడ్డో ఆయన పేరే చెప్తా. ఆయన కుండ పెట్టించినా, ఉరేయించినా అదే చెప్తా. పో!"

"ఎవరే ఆయన?" అంది సత్యనారాయణమ్మ.

పుల్లయ్య తల కట్టు సర్దుకుంటూ జారుకున్నాడు. బసవమ్మ ఇక లాభం లేదన్నట్టు చెప్పింది.

"మీ మరిదిగారేనండీ. కిందటేడు మిరపకాయల కళ్ళంలో. ఇది వద్దని ఏడ్చింది. ఏడుపు విన్నోళ్ళున్నారు, అడ్డం వచ్చినోళ్ళు లేరు. ఇప్పుడు నెలలు నిండేసరికి, ఊళ్ళో ఉంటే పేరు బయటికొస్తదని కుండ పెట్టించి పోలీసులకి కబురంపారు."

అబద్ధం అని నోటి చివరిదాకా వచ్చింది సత్యనారాయణమ్మకి. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి జగన్నాథం లాగూలు తొడుక్కునే పిల్లాడు. అన్నం కలిపి ముద్దలు పెట్టింది వాడికి. కానీ అబద్ధమైతే తల పగిలినవాణ్ణి బండెక్కించి ఇంతదూరం పంపించాల్సిన అగత్యం ఏమొచ్చింది? చేను దోచుకున్నాడన్న కోపం ఈ కోపం ముందు ఏపాటిది!

"నీకేం కావాలే?" అని అడిగింది రత్తమ్మని.

రత్తమ్మ మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూసింది. "ఆయన గడప తొక్కనండీ. ఆయన సొమ్ము ముట్టను. బిడ్డని నాది కాదని ఆయన అనకూడదు. నలుగురి ముందూ అనకూడదు. అంతేనండీ."

నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయి. ఆడ వార్డరు సుబ్బమ్మ మంత్రసానికి కబురు పంపింది కానీ, ఆ బిడ్డ తల్లి లాంటిదే, ఎవరి కోసమూ ఆగే రకం కాదు. మంత్రసాని జైలు గేటు చేరకముందే వచ్చేసింది. బసవమ్మ రత్తమ్మ నడుం పట్టుకుంది. పట్టుకునే చేతులు ఇంకెవరివీ లేవు కాబట్టి, బిడ్డ సత్యనారాయణమ్మ చేతుల్లో పడింది. సుబ్బమ్మ తన వక్కల అడకత్తెర సలసల కాగే నీళ్ళల్లో వేసి ఇస్తే, దాంతోనే బొడ్డు కోసింది. ఆడపిల్ల. గుప్పెడంత ఉంది, జైలంతా వినపడేలా ఏడ్చింది.

పనంతా అయ్యాక సత్యనారాయణమ్మ తలారా స్నానం చేసి వచ్చి, తడిజుట్టుతో రత్తమ్మ పక్కన కూర్చుంది.

"ఇక పదకొండో రోజు దాకా నేను దేవుడికి దణ్ణం పెట్టను. నాకు పురుడు," అంది.

సుబ్బమ్మ నవ్వింది. "మీరు కన్నారా ఏందమ్మా?"

"మా ఇంటి బిడ్డ పుట్టింది. పురుడు మాకు కాకపోతే నీకా?"

ఆ మాటకి రత్తమ్మ బావురుమంది. నొప్పుల్లో ఏడవని పిల్ల, అప్పుడు ఏడ్చింది. బసవమ్మ మాత్రం ఏడవలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఏదో ఆలోచిస్తూ ఉండిపోయింది.

"అమ్మగారూ, ఇంట్లో బిడ్డ పుడితే పురుడు మీ ఒక్కరికే వస్తదా, ఇంటిల్లిపాదికీ వస్తదా?"

"ఇంటిల్లిపాదికీ."

"పురుట్లో పెళ్ళి చేస్తారా?"

"ఎట్టా చేస్తారే, పిచ్చి ప్రశ్నలూ నువ్వూను! శుద్ధయ్యేదాకా ఇంట్లో దీపమే..." అంటూ ఆగిపోయింది సత్యనారాయణమ్మ. జగన్నాథరావు కొడుకు భవానీప్రసాద్ పెళ్ళి ఈ మాఘమాసంలోనే, ఈ వారంలోనే. లగ్నపత్రిక రాసుకోవడమే తరువాయి.

"మన ఊళ్ళో పుట్టుకైనా చావైనా ఇంటింటికీ కబురు చెప్పేదెవరండీ?" అంది బసవమ్మ.

"చాకలి. నువ్వే."

"నేను మైల అన్నాక కాదన్నోళ్ళు ఉన్నారా ఇన్నాళ్ళలో?"

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ నవ్వు ఎక్కడ పుట్టిందో గానీ, బాలింత కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక గుర్తొచ్చింది, తామున్నది ఊచల వెనకాల అని.

ఆ ఊచలు జగన్నాథరావే తీయించాడు. పెళ్ళికూతురి తండ్రి వరప్రసాదరావు రెడ్డిగూడెంలో పేరున్న మోతుబరి. "ఇంటి పెద్దకోడలు జైల్లో ఉండగా మేం లగ్నపత్రిక తీసుకురాం. నలుగురూ ఏమనుకుంటారు?" అని కబురు చేశాడు. దాంతో జగన్నాథరావు పరుగెత్తుకొచ్చి వదిన కేసు రాజీ చేసుకున్నాడు. పెళ్ళి పీటల మీద ఉతికిన గుడ్డ పరవాలంటే చాకలి కావాలి కాబట్టి, బసవమ్మ జరిమానా కూడా కట్టేశాడు. అతనికి ఇద్దరు కావాలి. మూడో మనిషి వంక చూడనైనా చూడలేదు.

"పచ్చి బాలింతని వదిలి మేం పోం," అంది సత్యనారాయణమ్మ.

"పోవాలండీ," అంది రత్తమ్మ. "పని అక్కడుంది."

"నేనున్నాగా, చూసుకుంటాలే," అంది సుబ్బమ్మ.

బండిలో జగన్నాథరావు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "అయిందేదో అయింది వదినా. ఇక నీ చేలో నేను కాలు పెట్టను. పెళ్ళయ్యాక పెద్దమనుషుల ముందు ఆ మాట చెప్తా. ఒక్కటే కోరిక. జైల్లో ఎవరెవరో ఏవేవో కూస్తారు. అక్కడ విన్నవి అక్కడే వదిలెయ్."

ఆవిడ జవాబు చెప్పలేదు. ఒప్పుకుందనుకున్నాడు అతను.

ఊరు చేరాక ఇంట్లోకి వెళ్ళకుండా తిన్నగా చేలోకి నడిచింది. కాయ ఎర్రగా దిగి ఉంది. మొగుడు పోయిన ఏడాది నుంచీ ఆవిడకి తిండీ, గౌరవమూ, నోరూ అన్నీ ఆ చేనే. దానికోసమే కదా జైలుకి వెళ్ళింది! ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, చేను తనది. ఆశ పుట్టలేదని చెబితే అబద్ధం. గట్టు మీద కూర్చుని, ఆశపడి, తనని తనే తిట్టుకుని, మళ్ళీ ఆశపడింది. రత్తమ్మ ఏమవుతుంది తనకి? జైల్లో పక్కన పడుకున్న మనిషి. ఆ బిడ్డ? తన చేతుల్లో పడ్డప్పుడు ఎంత వెచ్చగా ఉందో ఇంకా తెలుస్తూనే ఉంది.

సాయంత్రం దీపాల వేళ తోడికోడలు సీతారావమ్మ వచ్చింది. ఈమె జగన్నాథరావు భార్య. మాట తక్కువ మనిషి.

"అక్కా, దేవుడి దగ్గర దీపం పెట్టలేదేం?"

"పెట్టకూడదు," అంది సత్యనారాయణమ్మ. ఆ మాట నోట్లోంచి వచ్చాకే తను ఏం చెయ్యబోతోందో ఆవిడకే తెలిసింది.

సీతారావమ్మ ఎందుకని అడగలేదు. తను తెచ్చిన వత్తుల్ని కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే లగ్నపత్రిక రాసుకోవడానికి వరప్రసాదరావు చుట్టాలతో సహా దిగాడు. వాకిట్లో పందిరి, పందిట్లో పీటలు. పురోహితుడు పంచాంగం విప్పాడు. భవానీప్రసాద్ కొత్తబట్టలు కట్టుకుని పెళ్ళికొడుకు ఠీవితో తిరుగుతున్నాడు. పెరట్లో బసవమ్మ మడతబట్టలు చంకన పెట్టుకుని, బావి దగ్గర తలకి పోసుకుంటున్న సత్యనారాయణమ్మ దగ్గరకొచ్చింది.

"అమ్మగారూ, నేను నోరు తెరిచాక వెనకాల మీరు లేకపోతే నా వీపు చీరేస్తారు. ఉంటారా?"

"పదవే," అంది సత్యనారాయణమ్మ.

పీటల మీద గుడ్డ పరవమని జగన్నాథరావు కేకేశాడు. బసవమ్మ పందిరి మధ్యకి వెళ్ళింది. మడతబట్టలు పరవలేదు. చంకనే పెట్టుకుని గొంతెత్తి చెప్పింది.

"మైలండీ! ఈ ఇంటికి పురుడొచ్చిందండీ! ఆడపిల్ల పుట్టింది. శుద్ధయ్యేదాకా గుడ్డ పరవకూడదండీ!"

పందిట్లో అందరూ ఒక్కసారే మాట్లాడారు. జగన్నాథరావు ఆమె మీదికి చెయ్యెత్తాడు.

"తాగొచ్చావే లం..."

"చెయ్యి దించు జగన్నాథం," అంటూ సత్యనారాయణమ్మ ముందుకొచ్చింది. తడిబట్టలతో, విరబోసుకున్న తడిజుట్టుతో ఉంది. "తాగలేదు అది. బిడ్డ పుట్టింది నిజం. నందిగామ జైల్లో, రత్తమ్మకి. బొడ్డు కోసింది నేను. ఆ రోజు నుంచీ పురుడు పట్టింది నేను. ఎవరి బిడ్డని పురుడు పట్టానో నువ్వే చెప్పు."

"పురోహితుడుగారూ," అన్నాడు వరప్రసాదరావు మెల్లగా. "ఏందిది?"

పురోహితుడు పంచాంగం మూసేశాడు. "పురుడంటూ ఉంటే లగ్నం రాయడానికి వీల్లేదండీ. ఉందో లేదో ఇంటి యజమాని చెప్పాలి."

"చెప్పండి బావగారూ," అన్నాడు వరప్రసాదరావు. "ఆడవాళ్ళ మాటలు నాకొద్దు. ఆ బిడ్డ మీది కాదని తిరుపతమ్మ తల్లి మీద ఒట్టేసి ఒక్క మాట చెప్పండి. ఇప్పుడే రాసుకుందాం."

జగన్నాథరావు నోరు తెరిచాడు. ఎదురుగా కొడుకు నిలబడి ఉన్నాడు. ఊరి దేవత మీద అబద్ధపు ఒట్టు, అదీ కొడుకు పెళ్ళి పందిట్లో. అతను ఎంత మొండివాడైనా ఆ ఊళ్ళో పుట్టినవాడే. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. నలుగురూ చూస్తున్నారు. భవానీప్రసాద్ కూడా తండ్రి నోటివంకే చూస్తున్నాడు.

అప్పుడు పెరట్లో గిలక చప్పుడైంది. సీతారావమ్మ బావిలోంచి నీళ్ళు తోడుతోంది. నిండు బిందె నడుంమీద పెట్టుకుని, పందిట్లోకి నడిచి వచ్చి, మొగుడి కాళ్ళ ముందు దించింది.

"తలకి పోసుకోండి," అంది. "పురుడొచ్చిందని తెలిసాక పొడిబట్టలతో నిలబడకూడదు."

"సీతారావూ! నీకు మతి పోయిందా?"

"మీరు పోసుకుంటారా, నన్ను పొయ్యమంటారా?"

ఇరవై అయిదేళ్ళ కాపురంలో ఆవిడ అతనికి ఎదురు చెప్పడం ఎవరూ వినలేదు. జగన్నాథరావు పందిరంతా కలయజూశాడు. ఒక్కడూ అతని పక్షాన నోరు మెదపలేదు. వంగి బిందె ఎత్తి తలమీద కుమ్మరించుకున్నాడు. పట్టుకండువా, జరీ పంచె తడిసి ఒంటికి అతుక్కుపోయాయి.

వరప్రసాదరావు లగ్నపత్రిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. "శుద్ధయ్యాక కబురు చెయ్యండి. వస్తామో రామో అప్పుడు చెప్తాం," అని బండెక్కాడు.

జనం పలచబడ్డాక జగన్నాథరావు వదిన దగ్గరకొచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. "నీ చేను ఎట్టా దక్కించుకుంటావో చూస్తా."

"ముల్లుగర్ర చూర్లోనే ఉంది. పుల్లయ్యని కట్టు విప్పుకుని రమ్మను," అంది సత్యనారాయణమ్మ.

ఆ సాయంత్రమే పొలం కాగితాలు కొంగున కట్టుకుంది. మర్నాడు పొద్దున్నే బసవమ్మని వెంటబెట్టుకుని నందిగామ వెళ్ళింది. రత్తమ్మకి జామీను ఉండాలంటే భూమి ఉన్నవాళ్ళు కావాలన్నారు. ఆ మిరపచేనే జామీను పెట్టింది. కోర్టు గుమాస్తా కాగితం మీద పేరూ, ఊరూ, సర్వే నంబరూ రాసుకుని, కళ్ళజోడు సర్దుకుని అడిగాడు.

"ముద్దాయికి మీరేమవుతారండీ?"

సత్యనారాయణమ్మ వరండా వైపు చూసింది. అక్కడ సుబ్బమ్మ పక్కన రత్తమ్మ నిలబడి ఉంది, చేతుల్లో బిడ్డ.

"ఆ బిడ్డకి పెద్దమ్మని," అంది.

గుమాస్తా తలెత్తి ముందు ఆవిడ వంకా, తర్వాత రత్తమ్మ వంకా చూశాడు. కలం కదల్లేదు.

"వినపడలేదా? ఇంకాస్త గట్టిగా చెప్పమంటావా?" అంది సత్యనారాయణమ్మ.